మద్యసారము కలిసిన పెట్రోలు - ఇంజనునకు తగిన కందెన

గడచిన చలికాలమున ఒకనాటి ఉదయము కళాశాలకు బయలుదేరబోవుచు, ఎన్నడును లేని బుద్ధి పుట్టి, మా కారు ముందరి కప్పును పైకెత్తి ఇంజనులో ఆయిలు పోయు మూతను విప్పితిని. మూత లోపలివైపున, కవ్వమునకు అంటిన వెన్నవలె, తెల్లని జిగట పదార్థమొకటి దట్టముగా పేరుకొని యున్నది. తెలుగు చెప్పుకొని బ్రతుకువానికి యంత్రశాస్త్రముతో పరిచయము అంతంత మాత్రమే. అయినను, నల్లగానో గోధుమవన్నెగానో ఉండవలసిన చోట తెలుపు కనిపించుట శుభము కాదని తోచినది.

హిందూపురములో నేను మొదట చూపించిన షెడ్డువారు రెండు నిమిషములైనను చూడక తీర్పు చెప్పిరి. "హెడ్ గ్యాస్కెట్ పోయిండాది సార్. నీళ్ళు ఆయిల్లోకి దిగుతాండాయి. ఇంజను విప్పాల్సిందే." ఆ విప్పుటకు ఇరువది వేల రూపాయలగునని కూడ సెలవిచ్చిరి. ఆలోచించి చెప్పెదనని బయటపడితిని. తరువాతి ఆదివారము పెనుకొండలో పని తగిలినది. ఇంటివద్ద బయలుదేరునపుడు మూత తీసి చూచితిని. వెన్న అట్లే యున్నది. పెనుకొండ చేరిన పిదప జాతీయ రహదారి ప్రక్కనున్న ఒక వృద్ధ మెకానిక్కునకు సంగతి విన్నవించితిని. ఆయన మొదట రేడియేటరునకు సంబంధించిన నీటి డబ్బాను చూచెను. నీరు గీత వరకు సరిగా నున్నది. పొగగొట్టము వెనుక వంగి చూచెను. తెల్లని పొగ లేదు. అటుపిమ్మట నన్నొక ప్రశ్న వేసెను. "దినామూ ఎంత దూరం తోల్తారు సార్ బండి?" కళాశాలకు రెండు కిలోమీటర్లు, తిరిగి యింటికి రెండు కిలోమీటర్లు అంటిని. ఆయన నవ్వి, గుడ్డతో పట్టుకొని మూత విప్పెను. ఉదయము చూచిన వెన్నలో సగమునకు పైగా కరిగిపోయి యున్నది! "గ్యాస్కెట్ కాదు సార్. పెట్రోల్లో సారా, బయట చలి, మీ రెండు కిలోమీటర్ల తోలుడు. మూడూ కలిసినాయి, అంతే."

ఈ వ్యాసమునకు ప్రేరణ ఆ వృద్ధుని మాటయే. "ఇ-20" పెట్రోలును గూర్చి 2025 ఆగస్టు మొదలు మన దేశమున జరిగిన వాదోపవాదములు పాఠకులు ఎరుగనివి కావు. మైలేజీ తగ్గినదని కొందరు, రబ్బరు గొట్టములు చెడినవని కొందరు, ఇది రైతునకు వరమని కొందరు, వినియోగదారునకు శాపమని కొందరు పలికిరి. ఆ కోలాహలములో ఇంజను అడుగున మూడు లీటర్ల మేర మౌనముగా పనిచేయు ఆయిలును పట్టించుకొన్నవారు తక్కువ. దుకాణములో డబ్బా కొనునపుడు మాత్రము ప్రతివాడును దానినిగూర్చి ఏదో యొక నిర్ణయము చేయవలసినవాడే.

కందెన అను మాట నేటి పిల్లలు ఎరుగరు. ఎద్దుబండి ఇరుసునకు ఆముదములో గడ్డి కాల్చిన మసి కలిపి పూసెడివారు, అది కందెన. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత. అనంతపురము సీమలో వేరుసెనగ చేలలో అక్కడక్కడ ఆముదపు చెట్లను పెంచుట నేటికిని కద్దు. ఆ ఆముదమే మొదటి ప్రపంచయుద్ధ కాలమున విమానముల ఇంజనులకు కందెనయైనది. ఒక ప్రసిద్ధమైన ఆంగ్ల కంపెనీ తన ఆయిలునకు 1909లో "క్యాస్ట్రాల్" అని నామకరణము చేసినది ఆముదపు ఆంగ్ల నామమైన క్యాస్టర్ అను పదమును బట్టియే. వింత యేమనగా, ఆముదము పెట్రోలులో సరిగా కరుగదు, మద్యసారములో చక్కగా కరుగును. భూగర్భము నుండి తీసిన ఖనిజ తైలము ఇందుకు విపరీతము. పెట్రోలుతో దానికి బాంధవ్యము, మద్యసారముతోను నీటితోను వైరము. నేటి కార్లలో పోయునది ఖనిజ తైలమో, దానిని సంస్కరించి చేసిన కృత్రిమ తైలమో యగును గాని ఆముదము కాదు. ఆముదము వేడికి జిగురై పట్టుకొనును. కాబట్టి మా ఊరి రైతులు ఈ మాట విని ఆశపడవలదు.

మద్యసారమును గూర్చియు ఒక మాట. వెనుకటి పాఠ్యపుస్తకములలో ఆల్కహాలును మద్యసారమని వ్రాసెడివారు. నేటి ప్రభుత్వ ప్రకటనలలో అది "ఎథనాల్" అను శుద్ధమైన పేరుతో తిరుగుచున్నది. ఈ పదార్థము మీదనే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరుగబడిరి. 1993లో ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. పది సంవత్సరములు తిరుగక మునుపే, 2003 జనవరిలో, తొమ్మిది రాష్ట్రములలో పెట్రోలునందు నూటికి ఐదు పాళ్ళు అదే పదార్థమును కలుపుటకు కేంద్రము పూనుకొన్నది. ఆ తొమ్మిదింటిలో మన రాష్ట్రము కూడ నున్నది. నోటికి నిషిద్ధమైనది బండికి విహితమైనదన్నమాట. అప్పుడు ఎవరును గమనింపలేదు. కాగితము మీద ఐదు పాళ్ళే గాని 2013-14 నాటికి దేశము మొత్తమున కలిసినది ఒకటిన్నర శాతము మాత్రమే. తరువాతి వేగము వేరు. 2022 జూనునకు 10 శాతము. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధానమంత్రి ఇ-20 పెట్రోలును ప్రారంభించిరి. 2030 నాటికి చేరవలెనని 2018లో పెట్టుకొన్న 20 శాతము గమ్యమును 2025లోనే చేరితిమి. మా హిందూపురము, పెనుకొండ, ధర్మవరము బంకులలో నేడు దొరకునది ఈ 20 పాళ్ళ పెట్రోలే. "కలపనిది పోయుము" అని అడుగుటకు వీలులేదు. పాత కార్లవారికి కలపని పెట్రోలును కూడ అందుబాటులో ఉంచవలెనని వేసిన వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న త్రోసిపుచ్చినది.

ఎంచుకొనుటకు ఇంధనము లేదు కనుక, మన చేతిలో మిగిలినది ఆయిలును ఎంచుకొనుట యొక్కటే.

ఇప్పుడు ఆ తెల్లని వెన్న సంగతికి వత్తము. ఒక లీటరు పెట్రోలు మండినచో దాదాపు ఒక లీటరు నీరు పుట్టునని చెప్పినచో మా విద్యార్థులు నమ్మలేదు. కాని అది నిజము. ఇంధనములోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీటి ఆవిరియగును. మద్యసారము మండినను లీటరునకు పుట్టు నీరు రమారమి అంతే. ఐతే మద్యసారములో శక్తి లీటరునకు పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. అంతే దూరము పోవుటకు ఎక్కువ ఇంధనము పోయవలెను, కావున నీరును కొంచెము ఎక్కువగనే పుట్టును. ఈ ఆవిరిలో అధికభాగము పొగగొట్టమున పోవును. పిస్టను రింగుల సందులగుండా కొంత క్రిందికి జారి ఆయిలున్న తొట్టిలోనికి చేరును. ఇంజను వేడెక్కియున్నచో ఆ ఆవిరి ఆవిరిగనే బయటికి పోవును. చల్లగా నున్నచో, తెల్లవారుజామున గడ్డిపై మంచు పట్టినట్లు, లోపలి ఇనుము మీద నీరై నిలుచును.

మద్యసారము చేయు అదనపు పని మరి యొకటి కలదు. పెట్రోలులో త్వరగా ఆవిరియగు అంశములు అనేకములున్నవి. చల్లని ఇంజనులో మొదట రగులుకొనునవి అవియే. మద్యసారమునకు ఒకే మరుగుడు స్థానము, 78 డిగ్రీలు. పైగా అది ఆవిరియగుటకు పెట్రోలునకు కావలసిన దానికంటె రెండింతలకు మించిన వేడిని పీల్చుకొనును. చలివేళ బండి కదలించినపుడు ఆవిరి కాక మిగిలిన బిందువులు సిలిండరు గోడలపైనున్న పలుచని ఆయిలు పొరను కడుగుచు క్రిందికి దిగును. నీటికిని మద్యసారమునకును గల మైత్రి ప్రసిద్ధము. రెండును కలిసి ఆయిలులో చేరి, ఇంజను తిరుగుడుకు చిలుకబడి, మా కారు మూతక్రింద కనిపించిన వెన్నగా మారును.

ఇంత మాత్రమే ఐనచో భయము లేదు. మద్యసారము సగము మండి, ఆ మీదట ఆమ్లముగా మారుటకు అవకాశమున్నది. తాటిచెట్టు నుండి దింపిన కల్లు మరునాటికి పులిసిపోవుట ఎరిగినవారికి ఈ ఆమ్లమును పరిచయము చేయ నక్కరలేదు. వెనిగరులో నున్నదియు అదే. ఇట్టి ఆమ్లములను విరుచుటకు ఆయిలులో కాల్షియము, మెగ్నీషియము మొదలగు వానితో చేసిన క్షారద్రవ్యములను ముందుగనే కలిపియుంతురు. ఇవి కర్పూరమువలె నానాటికి తరుగుచుండును. అరుగుదలను ఆపుటకు కలుపు జింకు సమ్మేళనము నీరు తగిలినచో చెడుటకు అవకాశము కలదు. ఈ రెండును తరిగిన పిదప ఆయిలు చూచుటకు ఆయిలువలెనే యుండును గాని పని చేయదు. కొలతకడ్డీ తీసి "నిండుగానే ఉన్నది" అని తృప్తిపడు మనవంటివారు మోసపోవునది ఇక్కడనే. ఒక్కొక్కప్పుడు ఆ నిండుదనము ఇంధనమును నీరును చేరుటవలన వచ్చినదే కావచ్చును. ఆయిలు తగ్గుటే గాని పెరుగుట ఉండరాదు. కడ్డీమీద గీత పెరిగినచో సంతోషింపదగినది కాదు.

మరి దీనికి విరుగుడు? వేడి. ఆయిలు 90, 100 డిగ్రీల వేడికి చేరి కొంతసేపు నిలిచినచో మద్యసారమును నీరును ఆవిరియై, అందుకొరకై పెట్టిన గొట్టముగుండా మరల ఇంజనులోనికి పోయి కాలిపోవును. డాష్‌బోర్డు మీది ముల్లు నడిమికి వచ్చినంతనే ఇంజను వేడెక్కినదనుకొందుము. ముల్లు చూపునది నీటి వేడిని. ఆయిలు అంతకంటె మందగామి. పది పదిహేను కిలోమీటర్లు నడచినగాని అది పూర్తిగా కాగదు. మాకు రెండు కిలోమీటర్లకే కళాశాల వచ్చును. అనగా మా కారులోని ఆయిలు ఏ ఒక్కనాడును కాగిన పాపమున పోలేదు.

ఇందుచేత ఒక విపరీతము సంభవించుచున్నది. హిందూపురము నుండి దేవనహళ్ళి విమానాశ్రయమునకు దినము రెండు పర్యాయములు కారు తోలు మా వీధి యువకుని ఇంజను వారమునకు వెయ్యి కిలోమీటర్లు తిరిగినను శుభ్రముగా నున్నది. నెలకు నూరు కిలోమీటర్లైనను నడువని నా కారులో వెన్న పట్టినది. బండి తక్కువగా వాడుచున్నాము గదా, ఆయిలు మార్చుట కేమి తొందర యని నేను రెండు సంవత్సరములు ఊరకుంటిని. ప్రతి పదివేల కిలోమీటర్లకు మార్చవలెనన్న మాట ఒక్కటే నా మనస్సున నిలిచినది. నా లెక్కన పదివేలు పూర్తియగుటకు ఎనిమిది సంవత్సరములకు పైగా పట్టును! కారుతో వచ్చిన పుస్తకమును బీరువా అడుగునుండి తీసి చూడగా, "పదివేల కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందైన నది" అని స్పష్టముగా అచ్చువేసి యున్నది. కఠిన పరిస్థితులలో అందులో సగము గడువేయని కూడ నున్నది. కఠిన పరిస్థితులనగా కొండదారులు, ఎడారులు కాబోలు అనుకొంటిని. కొన్ని కంపెనీల పుస్తకములలో ఆ జాబితాలో మొదట కనిపించునది, ఎనిమిది కిలోమీటర్లకు లోబడిన చిన్న ప్రయాణములు పదేపదే చేయుట. దుమ్ము కూడ ఆ జాబితాలో నున్నది. మా సీమలో దానికి కొదువ లేదు. గ్రంథపఠనము వృత్తిగా గలవాడు చదువవలసిన గ్రంథమును చదువకపోవుట ఎంత సిగ్గుచేటో వేరుగ చెప్పనేల?

ఏ ఆయిలు పోయవలెనన్న ప్రశ్నకు దుకాణములలో రెండు జవాబులు వినిపించుచున్నవి. మొదటిది: "ఎండ దేశం సార్, చిక్కటి ఆయిలు పోయండి." ఇది పాత అంబాసిడరు నాటి బుద్ధి. డబ్బా మీద 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20, 20డబ్ల్యూ-50 అని యుండు సంకేతములలో డబ్ల్యూ అనునది ఆంగ్లమున శీతకాలమునకు గుర్తు. దాని ముందరి అంకె చల్లగా నున్నపుడు ఆయిలు ఎంత తేలికగా పారునో తెలుపును. వెనుకటి అంకె కాగిన పిమ్మట ఎంత చిక్కదనము నిలుచునో తెలుపును. నేటి ఇంజనులలో ఆయిలు పారు సందులు సన్నము. కవాటముల కాలమును మార్చు యంత్రాంగము సైతము ఆయిలు ఒత్తిడిమీదనే పనిచేయును. పలుచని ఆయిలునకై గీసిన ఇంజనులో చిక్కనిది పోసినచో చల్లవేళ అది పైవరకు ప్రాకుటకు ఆలస్యమగును. మద్యసారము గోడలను కడుగు వేళయు సరిగా అదే. పుస్తకములో ఒకటికి మించిన అంకెలను అనుమతించినచో, రింగులరిగిన పాత బండివారు వానిలో చిక్కనిదానిని ఎంచుకొనవచ్చును. పుస్తకము దాటి పోవుట మాత్రము తగదు.

రెండవ జవాబు నవీనమైనది: "ఇ-20 స్పెషల్ ఆయిలు వచ్చిండాది సార్." ఇట్టి చీటీలు అంటించిన డబ్బాలు అంగళ్ళకు వచ్చుచున్నవి. అవి చెడ్డవని నేననను. కాని చీటీ చూచి కాక, డబ్బా వెనుక చిన్న అక్షరములలో నున్నదానిని చూచి కొనవలెను. అమెరికా పెట్రోలియం సంస్థవారు ఆయిళ్ళకు తరగతులు నిర్ణయింతురు, ఏ.పి.ఐ. అను మూడక్షరములకు అర్థమిదియే. 2010లో ఎస్.ఎన్., 2020 మే నెలలో ఎస్.పి. తరగతులు వెలువడినవి. దానితోపాటు కార్ల తయారీదారుల సంఘమువారి ఇల్శాక్ జి.ఎఫ్.-6 అను ప్రమాణము వచ్చినది. 2025 మార్చి చివర నుండి జి.ఎఫ్.-7 కూడ అమలులోనికి వచ్చినది. ఈ ఇల్శాక్ ప్రమాణములలో ఒక పరీక్ష నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఆయిలులో పదవవంతు నీటిని, పదవవంతు ఇ-85 ఇంధనమును, అనగా నూటికి 85 పాళ్ళ వరకు మద్యసారము గల దానిని, పోసి మిక్సీలో చిలుకుదురు. ఒక దినమెల్ల నిలువయుంతురు. నీరు విడిపోయి అడుగునకు చేరినచో ఆ ఆయిలు పరీక్షలో తప్పినట్లే. ఏమి దీని అంతరార్థము? నీరు విడిగా నిలిచినచో ఇనుమును తాకి తుప్పు పట్టించును. తైలపు పంపులోనికి పోయినచో కందెన బదులు నీరు పారును. అందుచేత ఇంజను కాగి ఆవిరి చేసి పంపువరకు ఆ నీటిని ఆయిలు తన కడుపులోనే పట్టి యుంచవలెను. అనగా నా కారు మూతక్రింద నేను చూచిన తెల్లదనము ఆయిలు చేసిన నేరము కాదు. నీటిని పట్టి యుంచుమని దానికిచ్చిన ఆజ్ఞను అది శిరసావహించినది. కాగి దానిని విడిపించవలసిన పని మాత్రము నేను జరుగనీయలేదు.

ఇ-85కు నిలుచు ఆయిలు ఇ-20కి నిలువకపోవుట జరుగదు. కావున డబ్బామీద ఏ.పి.ఐ. ఎస్.పి. యనియు, ఇల్శాక్ జి.ఎఫ్.-6ఏ లేక అటుపై దనియు ఉండి, అంకె మన పుస్తకముతో సరిపోయినచో ప్రత్యేకమైన చీటీ లేకున్నను కొరత లేదు. ఈ విషయమున బ్రెజిలు దేశస్థుల అనుభవము మనకంటె పాతది. వారు 1975లో మద్యసారపు కార్యక్రమమును ఆరంభించిరి. 2003 నుండి ఏ పాళ్ళలో కలిపినను నడచు కార్లను చేసికొనిరి. 2025 ఆగస్టు 1 నుండి వారి పెట్రోలులో 30 పాళ్ళు మద్యసారమే. అక్కడను చాలవరకు ఈ ఏ.పి.ఐ. తరగతుల ఆయిళ్ళే నడచుచున్నవి. అయితే వారికిని మనకును ఒక భేదము కలదు. వారు ముందు బండిని సిద్ధపరచి పిదప పాళ్ళు పెంచిరి. మనము పాళ్ళు పెంచి, బండ్లు పాతబడి తమంతట తామే తొలగిపోవువరకు వేచియున్నాము.

పెనుకొండను చూచినచో ఈ భేదము కన్నులకు కట్టును. 1565 యుద్ధానంతరము విజయనగర రాజులకు రాజధానియైన ఆ కొండక్రింద, ఎఱ్ఱమంచి పొలములలో, 2019 ఆగస్టున కియా కర్మాగారము నుండి మొదటి కారు వెలువడినది. ఏటికి మూడు లక్షల కార్లు చేయుటకు కట్టిన కర్మాగారమది. 2023 ఏప్రిలు నుండి దేశమున తయారగు పెట్రోలు కార్ల గొట్టములు, రబ్బరులు ఇ-20కి నిలుచునట్టి పదార్థములతో ఉండవలెననియు, 2025 ఏప్రిలు నుండి ఇంజనులే దానికి శ్రుతి చేయబడి ఉండవలెననియు నీతి ఆయోగు 2021 జూనులో వెలువరించిన ప్రణాళికలో చెప్పబడినది. కావున ఎఱ్ఱమంచినుండి నేడు వెడలు క్రొత్త కారు కొన్నవారికి పెట్రోలును గూర్చి బెంగ లేదు. అట్టి కార్లలో కొన్నింట టర్బో యంత్రముతో పెట్రోలును నేరుగా సిలిండరులోనికే చిమ్ముదురు. ఇట్టి ఇంజనులలో తక్కువ వేగమున ఎక్కువ బరువు లాగునపుడు ఇంధనము వేళకాని వేళ రగులుకొని పిస్టనును పగులగొట్టు ప్రమాదము కలదు. ఆయిలులోని కాల్షియము పాళ్ళు ఎక్కువైనచో ఈ ప్రమాదము పెరుగును. ఎస్.పి. తరగతిలో దీనికి ప్రత్యేక పరీక్ష యున్నది. క్రొత్త కారు కొని, వంద రూపాయలు కలిసివచ్చునని పాత తరగతి ఆయిలు పోయించువారు ఈ సంగతి గుర్తెరుగవలెను.

ధర్మవరములో నా మిత్రుడొకడు, మగ్గము నమ్ముకొన్న కుటుంబమువాడు, పట్టుచీరెలు అంగళ్ళకు చేరవేయుటకు 2011 నాటి పాత కారు కొన్నాడు. అతని బండిలో పెట్రోలు గొట్టము ఉబ్బి, చెమ్మగిల్లి వాసన వచ్చుచుండెను. "మంచి ఆయిలు పోస్తే సరిపోతుందా?" అని అడిగెను. సరిపోదు. గొట్టములు, సీళ్ళు, పంపు ఇంధనము తగులు చోట్లు. ఇంజను ఆయిలు అక్కడికి పోదు. ఎంత ఖరీదైన ఆయిలును రబ్బరును బాగుచేయజాలదు. పాత బండ్లలో కొన్నిటికి 20 నుండి 30 వేల కిలోమీటర్ల వాడకము తరువాత రబ్బరు భాగములను, గ్యాస్కెట్లను ముందుగా మార్చవలసి రావచ్చునని పెట్రోలియము మంత్రిత్వశాఖయే 2025 ఆగస్టులో ఒప్పుకొన్నది; ఖర్చు స్వల్పమనియు పలికినది. స్వల్పమన్నది ఎవరి సంచిని బట్టి? గొట్టము పగిలి వేడి ఇంజనుమీద పెట్రోలు కారినచో కలుగు ప్రమాదము స్వల్పము కాదు. నా మిత్రునితో ముందు గొట్టము మార్పించుము, ఆయిలు సంగతి పిదప చూతమంటిని.

ధర్మవరమున మోటారు సైకిళ్ళవారికి ఇంకొక మాట చెప్పవలెను. చాల మోటారు సైకిళ్ళలో క్లచ్చి ఆయిలులోనే మునిగియుండును. కార్లకై చేసిన పలుచని ఆయిళ్ళలో రాపిడిని తగ్గించు ద్రవ్యములను కలుపుదురు. వానిని బైకులో పోసినచో క్లచ్చి జారును. డబ్బాపై జాసో ఎం.ఏ. లేక ఎం.ఏ.2 అని యున్నదే అట్టి బండ్లకు తగినది. కారునకు మిగిలిన అర లీటరును బైకులో పోసి మిగుల్చుకొంటినని సంతోషపడువారిని నేనెరుగుదును.

మైలేజీని గూర్చి నీతి ఆయోగు ప్రణాళికలోనే లెక్కలున్నవి. కలపని పెట్రోలునకు గీసి 10 పాళ్ళకు సరిదిద్దిన కార్లకు ఇ-20తో 6, 7 శాతము, ద్విచక్రములకు 3, 4 శాతము, 10 పాళ్ళకు గీసి 20కి సరిదిద్దిన కార్లకు 1, 2 శాతము తగ్గునని అంచనా. లీటరునకు 15 కిలోమీటర్లిచ్చు పాత కారు 14 చిల్లర ఇచ్చును. నెలకు ఐదువందల కిలోమీటర్లు తిరుగువానికి రెండు లీటర్లకు పైగా అదనము. మన రాష్ట్రములో లీటరు ధర నూరు దాటి చిరకాలమైనది. సంవత్సరమునకు ఈ అదనమే ఒకసారి ఆయిలు మార్పించు ఖర్చుకు సరిపోవును. విదేశమారకములో లక్షా నలభైవేల కోట్ల రూపాయలకు పైగా మిగిలినదని ప్రభుత్వము చెప్పుచున్నది. మిగిలినది నిజమే కావచ్చును. మద్యసారము మాత్రము చౌక కాదు. 2024-25లో లీటరు సగటున 71 రూపాయలకు పైగా పెట్టి కొనిరి. శక్తి తక్కువైన వస్తువునకు ధర తగ్గించవలెనన్న సూచన ఆ ప్రణాళికలోనే యున్నను బంకు ముందరి పలకమీద దాని జాడ లేదు. దేశమునకు మిగిలినదానిలో ఒక పాలు పాత బండివాని ఆయిలు ఖర్చుకైనను రావలెనని కోరుట అత్యాశ కాదనుకొందును.

మొక్కజొన్న పండించు మా చుట్టుపట్టు రైతులకు ఈ కర్మాగారముల గిరాకీవలన కొంత మేలు జరిగినచో కాదనువాడను కాను. తెలంగాణములో నిర్మలు జిల్లా దిలావర్‌పూరు ప్రజలు 2024 నవంబరులో ఎథనాల్ కర్మాగారమును వలదని రోడ్డుమీదికి వచ్చుట కూడ మరువరాదు. నీరు, నేల, ధాన్యము అను ఆ చర్చ పెద్దది. ఒక ఆయిలు డబ్బాలో ఇమిడేది కాదు.

పెనుకొండ వృద్ధునివద్దనే పాత ఆయిలు దింపించితిని. నల్లగా వచ్చునని యెదురుచూడగా పాలు తక్కువైన కాఫీ రంగున దిగినది. ఫిల్టరు కూడ మార్చి, పుస్తకములో నున్న అంకె ప్రకారము 5డబ్ల్యూ-30, ఎస్.పి. తరగతిది మూడు లీటర్లు పోసెను. మార్చిన తేదీని, ఆరు నెలల తరువాతి తేదీని ఒక చీటీమీద వ్రాయించి ముందరి కప్పు లోపల అంటించితిని. నాటినుండి వాన లేని దినములలో కళాశాలకు నడచి పోవుచున్నాను. ఆదివారము ఉదయమున మాత్రము కారు తీసి పెనుకొండ మీదుగా ధర్మవరము వరకు పోయి, మిత్రుని ఇంట కాఫీ త్రాగి వచ్చుచున్నాను. మొన్న అతని వాకిట నిలిపి ఇంజను చల్లారిన పిమ్మట మూత విప్పి చూచితిమి. లోపల తేనెవన్నె ఆయిలు పలుచని పొర తప్ప మరేమియు లేదు. అతడు తన కారు మూత కూడ విప్పెను. దానిలో వెన్న లేదు గాని, కొలతకడ్డీ మీద ఆయిలు పై గీతకంటె వ్రేలెడు పైకి ఉన్నది.